డాల్డా డబ్బాలో జొన్నపిండి

మా కోడలు సక్కుబాయి పెరట్లో గొంతుక్కూర్చుని స్పిరిట్ దీపం మీద గాజు గొట్టం కాస్తుంటే, నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. వంటింటి స్టవ్ మీదే పెడతానంది కానీ నేను ఒప్పుకోలేదు. అన్నం వండే మంట మీద అదేం పని అని బయటికి పంపాను. గొట్టంలో మందునీళ్లు నీలంగా ఉన్నాయి. నా కొడుకు బాబురావు మూత్రం ఎనిమిది చుక్కలు అందులో వేసింది. కాగుతున్న కొద్దీ నీలం పచ్చబడింది, పసుపైంది, నారింజైంది. అక్కడ ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. చివరికి ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా చిక్కబడింది.

"నీలం ఉంటె చక్కెర లేనట్టు అత్తా," అంది సక్కుబాయి. "ఎర్రగయిన కొద్దీ ఎక్కువున్నట్టు. గింతకంటె పైన ఇంక రంగు లేదు."

మంచం మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్న బాబురావు నవ్వాడు. "మంచిదే గద. గీ ఇటుకలతోని ఇంకో అర్ర కట్టుకుందాం."

సక్కుబాయి దీపం ఆర్పేసింది.

సక్కుబాయి సర్కారు దవాఖానలో ఆయా. ఈ గొట్టం పరీక్ష అక్కడి నర్సమ్మల దగ్గర నేర్చుకుంది. బాబురావు సిటీ బస్సు డ్రైవరు. ఆ వారమే డిపోలో డ్రైవర్లందరికీ వైద్య పరీక్షలు చేశారు. డాక్టరు మా వాడిని పక్కకు పిలిచి చెప్పిన మాట ఇది: ముందు తిండి మార్చుకో. దసరా అయ్యాక మళ్లీ చూస్తాను. అప్పటికీ ఇట్లాగే ఉంటే స్టీరింగు మీద కూర్చోనివ్వను, యార్డులో పని చూసుకో.

అప్పుడు బోనాలు వెళ్లి వారమైంది. డెబ్బై ఎనిమిదో సంవత్సరం. దసరాకు ఇంకా మూడు నెలలుంది.

స్టీరింగు పోతుందని బాబురావు భయం. చార్మినారు దగ్గర మనుషులు, మేకలు, తోపుడు బండ్ల మధ్య నుంచి బస్సును గీత కూడా పడకుండా తెస్తాడని డిపోలో పేరు. ఆ పేరు తప్ప వాడికి వేరే ఆస్తి లేదు. నా భయం స్టీరింగు కాదు. వాళ్ల నాయన గుండయ్య కూడా డిపోలోనే మెకానిక్కు. కాలివేలి మీద బోల్టు పడి చిన్న దెబ్బ తగిలింది. ఎంతకీ మానలేదు. చక్కెర రోగమని తెలిసేసరికి పాదం నల్లబడింది. దవాఖానకు తీసుకుపోవడానికి రిక్షా వచ్చినప్పుడు ఆయన ముందు కంచం ఉంది. రెండు ముద్దలు తిన్నాడు. "వచ్చినంక తింట, మూత పెట్టు" అన్నాడు. పెట్టాను. రెండు రోజులు ఆ మూత తీయలేదు. తీసేనాటికి ఇల్లంతా మనుషులు.

పెద్దపిల్ల ఆగమ్మను షోలాపూర్ కాపురానికి పంపినప్పుడు కూడా అంతే. రైలు కదిలింది, సద్ది మూట నా చేతిలోనే ఉండిపోయింది. పిల్ల సుఖంగానే ఉంది, కార్డు ముక్కలు రాస్తుంది. అయినా ఆ మూట బరువు నా చేతికి ఇప్పటికీ తెలుసు. మా ఇంట్లో ఎవరైనా తినకుండా గడప దాటితే వీధి మలుపు దాకా చూస్తూ నిలబడతాను.

మరి మా ఇంట్లో తినేది ఏమిటి? గౌలిపురాలో మాది రెండర్రల ఇల్లు. బాబురావు పొద్దున డ్యూటీకి పోతూ హోటల్లో నాలుగు పూరీలు తింటాడు. మధ్యాహ్నం ఎక్కడ బస్సు ఆగితే అక్కడ మిర్చీ బజ్జీలు, మలాయి చాయ్. సక్కుబాయి డ్యూటీ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో దవాఖాన వాళ్లకే తెలియదు. మనవరాలు సుగుణ ఎనిమిదో తరగతి, బడికి బన్ను తీసుకుపోతుంది. సాయంత్రం సక్కుబాయి అలసిపోయి వచ్చి ఇంత అన్నం పడేసి, డాల్డాలో ఆలుగడ్డలు వేయిస్తుంది. ఎవరికీ తీరిక లేదు.

తీరిక ఉన్నది నాకు. కానీ నన్ను స్టవ్ ముట్టనివ్వరు. మూడేళ్ల కింద నా కొంగుకు మంట అంటుకుంది. ఏమీ కాలేదు, కొంగు పోయింది. ఆనాటి నుంచి "నువ్వు కూసో అమ్మా" అన్నది ఇంట్లో చట్టమైంది. ప్రేమతోనే అన్నారు. ప్రేమతోనే నన్ను మూల కూర్చోబెట్టారు.

ఇటుక రంగు చూసిన మరుసటి పొద్దున నేను కొంగు బిగించి నడుముకు చుట్టి స్టవ్ వెలిగించాను.

మొదటి రోజే పెద్ద తప్పు చేశాను. ఉస్మాన్‌గంజ్ నుంచి తెప్పించిన జొన్నలు గిర్నీలో పట్టించి, పెద్ద పెద్ద రొట్టెలు కొట్టాను. నూనె చుక్క లేకుండా గంగవాయిలి కూర పప్పు చేశాను. చక్కెర డబ్బా దాచేశాను. ఉన్న డాల్డాను ఇంటిపక్క సీతారావమ్మకు ఇచ్చేశాను. ఆమె భర్త సచివాలయంలో గుమాస్తా, గుంటూరు వైపు మనుషులు. "ఉట్టినే ఇస్తున్నారా? నిజంగానా?" అని రెండుసార్లు అడిగి తీసుకుంది.

సాయంత్రం బాబురావు కంచం చూశాడు. రొట్టెను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏందమ్మా గిది?"

"జొన్నరొట్టె. తిను బిడ్డా."

"గిది తిని తినే గద బాపు ఊరిడిసి పట్నమొచ్చింది. నౌకరి దొరికిన నాడు గోధుమపిండి తెచ్చి, ఇగ మన ఇంట్ల జొన్నలు బంద్ అన్నడని నువ్వే చెప్పినవ్. మల్ల గదే పెడుతున్నవా? జైలు కూడు లెక్క!"

"చక్కెర తగ్గాలంటె—"

"నీకేం తెలుసు చక్కెర సంగతి? ఏ దవాఖానల చదివినవ్?"

లేచి వెళ్లి అరగంటలో బజ్జీల పొట్లంతో వచ్చాడు. సుగుణకు రెండిచ్చి, కావాలనే నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. నేను ఏడవలేదు. రొట్టెలు ఆవుకు కూడా వేయలేదు. మూడు రోజులు నేనే తిన్నాను.

ఆ బజ్జీల పొట్లం కాగితమే నాకు దారి చూపింది. నేను బడికి పోలేదు. సుగుణ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు దాని పుస్తకం పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత కిరాణా పొట్లాల కాగితాలు విప్పి, చదును చేసి, పరుపు కింద పెట్టుకుని చదవడం అలవాటైంది. సగం వార్తలు, సగం కథలు. ఎవరు చచ్చారో ఉంటుంది, ఎట్లా చచ్చారో ఉండదు. ఆ రోజు నూనె మరకల మధ్య ఎవరో డాక్టరు రాసిన నాలుగు ముక్కలు కనిపించాయి. ఇంట్లో తిండి ఒక్కసారిగా మార్చవద్దు, మారిస్తే ఇంటిల్లిపాదీ తిరగబడతారు. నాలుకకు తెలియకుండా కొంచెం కొంచెంగా మార్చాలి. అందుకు ముందుగా— అక్కడ కాగితం చినిగిపోయింది.

ముందుగా ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదనుకున్నాను.

మర్నాడు బాబురావుతో అన్నాను, "జొన్నరొట్టె పెట్టను పో. గోధుమ చపాతీలు చేస్త. హోటల్ పూరీ బదులు అవి తినిపో."

"గట్ల చెప్పు. గోధుమలయితె ఫికర్ లేదు," అన్నాడు. ఒప్పుకున్నాడు కాబట్టి స్టవ్ దగ్గర నాకు చోటు దొరికింది. ఇక మిగిలింది నా పని.

ఇంటికి ఎనిమిది పిడికిళ్ల పిండి పడుతుంది. మొదటి వారం ఏడు పిడికిళ్లు గోధుమ, ఒకటి జొన్న. రెండో వారం ఆరు, రెండు. జొన్నపిండి ఎక్కడ దాచాలి? ఖాళీ అయిన డాల్డా డబ్బా ఉంది కదా. పసుపు రంగు మీద కొబ్బరిచెట్టు బొమ్మ చూసి, అమ్మ దారికొచ్చిందనుకున్నాడు నా కొడుకు. మూత తీసే అలవాటు వాడికి ఏనాడూ లేదు.

చక్కెర డబ్బాను మళ్లీ బయట పెట్టాను. అందులో చెంచా మాత్రం మార్చాను. సుగుణ పసిపిల్లగా ఉన్నప్పుడు మందు పట్టిన చిన్న చెంచా ట్రంకు పెట్టెలో ఉంటే తీసి వేశాను. బాబురావు చాయ్‌లో ఎప్పటిలాగే మూడు చెంచాలు వేసుకున్నాడు. రెండు మూడు రోజులు "ఏందో తీపి దిగుతలేదు" అన్నాడు. "గీ నడుమ చక్కెరల ఇసుక కలుపుతున్నరట" అన్నాను. నమ్మాడు. కూరలు గానుగ నూనెలో చేశాను. మీర్ ఆలం మండి నుంచి సుగుణ చేత పుంటికూర, తోటకూర తెప్పించాను. ఆలుగడ్డ పూర్తిగా మానలేదు. వారానికి రెండు గడ్డలు తగ్గించాను. సద్ది డబ్బా కట్టి చేతికిచ్చేదాన్ని. బజ్జీల ఖర్చు మిగులుతుందని తీసుకుపోయేవాడు, నా మీద ప్రేమతో కాదు.

అయిదో వారం దాకా అంతా బాగానే నడిచింది. అయిదో పిడికెడుతో చిక్కొచ్చింది.

రొట్టె చేసేవాళ్లకు తెలుసు. గోధుమపిండి కర్రతో వత్తితే సాగుతుంది. జొన్నపిండికి సాగే గుణం లేదు. జొన్న సగం దాటిందంటే కర్ర కింద అంచులు పగిలి ముక్కలవుతుంది. వేడినీళ్లతో పిసికి, అరచేత్తో తట్టాల్సిందే. తడితే చప్పుడవుతుంది. టప్, టప్, టప్. జొన్నరొట్టె కొడుతున్నారని నాలుగిళ్లకు తెలుస్తుంది. నిద్రలో ఉన్న నా కొడుక్కి మొదట తెలుస్తుంది, చిన్నప్పుడు ఆ చప్పుడుకే లేచేవాడు.

పీట కింద గోనెపట్టా మడిచి వేశాను. పీట మీద తడిగుడ్డ పరిచాను. అయినా ఒకరోజు గోడ అవతల నుంచి సీతారావమ్మ పిలిచింది.

"ఏంటండీ మాణిక్యమ్మగారూ, పొద్దున్నే ఎవరినో కొడుతున్నారు?"

గోడ దగ్గరికి పోయి చెవిలో చెప్పాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "డాల్డా ఇచ్చినప్పుడే అనుకున్నానండీ, ఏదో ఉందని. రేపట్నుంచి నేను రేడియో పెంచుతాను. మీరు కానివ్వండి."

అట్లా నాకు తోడు దొరికింది. పొద్దున రేడియోలో పాటలు వచ్చినంతసేపు నేను రొట్టెలు కొట్టేదాన్ని. పాట అయిపోయి వార్తలు మొదలైతే ఆపేదాన్ని, ఎందుకంటే వార్తలకు తాళం ఉండదు.

సక్కుబాయికి ఎట్లా తెలిసిందంటే, ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండి కూర తాలింపుకు డాల్డా డబ్బా తెరిచింది. చెయ్యి పెట్టి చూసింది. తెల్లటి పిండి. నా వైపు తిరిగింది.

"ఎన్ని దినాల సంది అత్తా?"

"బోనాల సంది."

"నాక్కూడ చెప్పకుండ! నేను దవాఖానల చేసేదాన్ని. నా కడుపుల ఏం పోతుందో నాకే తెల్వదన్నట్టు."

ఆ కోపం న్యాయమైనది. నేను తల వంచలేదు. "చెప్తే నువ్వు ఆయనకు చెప్తవ్. ఆలుమగల నడుమ మాట ఆగదు."

చాలాసేపు గిన్నెలు చప్పుడు చేస్తూ తోమింది. ఆ తర్వాత డబ్బా మూత బిగించి, యథాస్థానంలో పెట్టి, అంది: "చాయ్‌ల మూడు చెంచాలు ఎక్కువనే. ఆ చెంచా ఇంక చిన్నది దొరకదా?"

దొరకలేదు. కానీ గొట్టంలో రంగు మారుతోంది. రెండు ఆదివారాలకొకసారి సక్కుబాయి స్పిరిట్ దీపం వెలిగించేది. ఇటుక పోయి నారింజ. నారింజ పోయి పసుపు. తొమ్మిదో వారం పోయాక ఆదివారం పొద్దున పచ్చగా వచ్చి ఆగిపోయింది. లేతాకు పచ్చ. దసరా ఇంకా పదిహేను రోజులుంది.

బాబురావు గొట్టాన్ని వెలుగుకు పెట్టి చూసి, చంకలు గుద్దుకున్నాడు. "ఇస్సాకన్న మందు! చూసినవా అమ్మా? ఆ మందుది కరామత్!"

ఇస్సాకు వాడి తోటి డ్రైవరు. చర్చిలో గొంతెత్తి పాడే మంచి మనిషి. రోడ్డు పక్కన గుడ్డ పరిచి వేర్లు, పొడులు అమ్మే ఒకాయన దగ్గర చేదు పొడి కొని మా వాడికి ఇచ్చాడు. రెండు నెలలుగా రోజూ ఒక చిటికెడు తింటున్నాడు. నాకు తెలుసు. నేను అడ్డు చెప్పలేదు. మందు తింటున్నాననే ధైర్యంలో నా కంచం వైపు తేరిపార చూడడనుకున్నాను. నేను చేసిన రెండో తప్పు అది. దొంగతనంగా చేశాను కాబట్టి, నా రొట్టెకు రావలసిన పేరు ఆ పొడికి వచ్చింది.

"ఇగ పత్తెం గిత్తెం ఏం లేదు," అన్నాడు బాబురావు. "మందు ఉన్నంక ఫికరేంది? సక్కూ, డాల్డా తియ్యి. పూరీలు చెయ్యి. ఇస్సాకన్నను పిలుస్తున్న. రెండు గంటలకు డ్యూటీ, తినే పోత." మిఠాయి దుకాణానికి పోయి అట్టపెట్టె నిండా జిలేబీ, బాలుషాయి తెచ్చాడు.

మధ్యాహ్నం ఇస్సాకు వచ్చాడు. గానుగ నూనెలో వేయించిన పూరీలు, పొద్దున నేను కొట్టిన రొట్టెలు పెట్టిన కంచాల ముందు ఇద్దరూ కూర్చున్నారు. మిఠాయి పెట్టె మధ్యలో ఉంది. సక్కుబాయి నా ముఖం చూసింది. చెప్పడం నా వంతు అని ఆ చూపుకు అర్థం. చెప్తే కోపంతో లేచిపోతాడు. లేచిపోయినవాళ్లను చూశాను నేను. చెప్పకపోతే పూరీలు రేపు కూడా వస్తాయి, ఎల్లుండి కూడా వస్తాయి, దసరాకు మళ్లీ ఇటుక.

డాల్డా డబ్బా తెచ్చి వాళ్ల కంచాల మధ్య పెట్టి మూత తీశాను.

"ఏందిది?" అన్నాడు బాబురావు.

"నువ్వు రెండు నెలల సంది తింటున్న జొన్నపిండి. గియ్యాల ఎనిమిది పిడికిళ్లల ఎనిమిది జొన్ననే. గోధుమ ఒక్క పలుకు లేదు. చాయ్ చెంచా నీ బిడ్డ మందు తాగిన చెంచా. గా పొడి పని కాదు బిడ్డా. గిది నా పని."

ఇస్సాకు పిండి తీసి వేళ్ల మధ్య నలిపాడు. "అమ్మా, నిజంగ జొన్ననే! బాబూ, నా డబ్బాల పూరీలు నువ్వు తిని, నీ డబ్బాల చపాతీలు నాకు పెట్టినవ్ గద ఒకటి రెండు పూటలు, మస్తు మెత్తగుండె—"

"ఊకో అన్నా!" బాబురావు ముఖం నల్లబడింది. "నన్ను చిన్నపోరన్ని చేసి ఆడిస్తివి. ముప్పై ఎనిమిదేండ్లున్నయ్ నాకు. నా ఇంట్ల నన్నే మోసం చేస్తివా?"

"చేసిన. మల్ల చేస్త. నువ్వు పూరీ ముట్టితే రేపే చేస్త."

"బస్తీల తెలిస్తె నవ్వుతరు. అమ్మ చాటుగ మేపింది అంటరు!"

"నవ్వనీ. నవ్వేటోళ్లెవరూ మీ నాయనను రిక్షాల ఎక్కించలే."

కంచం తోసేశాడు. పూరీ తినలేదు, రొట్టె తినలేదు. బూట్లు తొడుక్కుని, తలుపు కొట్టుకునేట్టు తెరిచి, డ్యూటీకి వెళ్లిపోయాడు. ఇస్సాకు చెయ్యి కడుక్కుని వెనక పరుగెత్తాడు.

నిండు కంచం. మూత పెట్టబోయి ఆగాను. ఆనాడు ఆయన కంచం మీద మూత పెట్టింది కూడా ఈ చెయ్యే కదా అనిపించింది. వెంటనే ఆ రొట్టెలే చుట్టి, పుంటికూర పప్పుతో డబ్బా కట్టాను. చెప్పులేసుకున్నాను.

"అత్తా, యాడికి?" అంది సక్కుబాయి.

"బస్సుకు."

"ఒక్కదానివా? ఎన్నడన్న ఎక్కినవా ఒక్కదానివి?"

"బోర్డు చదవొస్తది నాకు."

శాలిబండ స్టాపులో నిలబడ్డాను. బస్సులు వచ్చాయి, పోయాయి. ఒక్కో బోర్డు కూడబలుక్కుని చదివేలోపు కొన్ని కదిలిపోయాయి. మూడోదో నాలుగోదో దాని మీద అఫ్జల్‌గంజ్ అని ఉంది, లోపల స్టీరింగు మీద నా కొడుకు ఉన్నాడు. ముందు తలుపు నుంచి ఎక్కి, సరిగ్గా వాడి వెనక ఆడవాళ్ల సీట్లో కూర్చున్నాను. అద్దంలో నన్ను చూశాడు.

"దిగమ్మా."

"టికెట్ తీసుకుంట. దిగ."

"డ్యూటీల ఉన్న. లొల్లి చెయ్యకు."

"నేనేం అన్న? కూసున్న. నువ్వు నడుపు."

నడిపాడు. చార్మినారు, మదీనా, నయాపూల్. మనుషులు, మేకలు, తోపుడు బండ్లు. నిజమే, గీత పడనివ్వడు. ఆఖరి స్టాపులో బస్సు ఆపి, నా వైపు చూడకుండా దిగి చాయ్ కొట్టుకు పోయాడు. నేను దిగలేదు. కండక్టరు వచ్చి "అమ్మా, గిదే ఆఖరి స్టాపు" అన్నాడు. "మల్ల టికెట్ కొట్టు" అన్నాను. చాంద్రాయణగుట్ట దాకా వెళ్లాం. తిరిగి అఫ్జల్‌గంజ్. మూడో టికెట్టు కొట్టేసరికి కండక్టరు ఆగలేక అన్నాడు, "బాబన్నా, గీ అమ్మ దిగుతలేదు. డబ్బా ఒళ్లె పెట్టుకుని కూసున్నది. ఎవరు గీమె?"

బాబురావు అద్దం సరిచేసుకున్నాడు. నేనే చెప్పాను. "వీనికి అమ్మను. తినకుండ వచ్చిండు."

బస్సులో కదలిక పుట్టింది. నా పక్కన బురఖాలో కూర్చున్న ముసలామె ముందుకు వంగి వాడి భుజం మీద తట్టింది. "అరే బేటా, మా భూకీ బైఠీ హై తేరే వాస్తే. ఖాలే పహలే!" అమ్మ నీకోసం ఆకలితో కూర్చుంది, ముందు తినమని. వెనక నుంచి ఎవరో "ఖానా ఖావో డ్రైవర్ సాబ్, హమ్ ఠహరేంగే" అని, తినేదాకా మేం ఆగుతామని అరిచారు. అందరూ నవ్వారు. నా కొడుకు ముఖం మెడ దాకా ఎర్రబడింది. పొద్దున పచ్చ, ఇప్పుడు ఎరుపు, అనుకున్నాను.

చాంద్రాయణగుట్టలో అందరూ దిగాక ఇంజను ఆపేశాడు. ముందు మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపాడు. డబ్బా ఇచ్చాను. మొదటి రొట్టె పూర్తిగా తిన్నాడు. రెండోది సగంలో ఆగాడు.

"చెప్తే తినకపోదునా?"

"చెప్పిన. బజ్జీలు తెచ్చినవ్."

పప్పు నాకి, "ఉప్పు తక్కువైంది" అన్నాడు.

"గా పనే నడుస్తున్నది. వారానికింత తగ్గిస్తున్న."

నన్ను తేరిపార చూశాడు. నవ్వుదామా వద్దా అన్నట్టు పెదవి బిగబట్టాడు. తర్వాత మొండిగా అన్నాడు, "సరే. ఇస్సాకన్న పొడి బంద్ చేస్త. నీ రొట్టెనే తింట. పదిహేను దినాలు. రంగు ఎర్రగయితె ఏమంటవ్?"

"ఎర్రగయితె నేను ఇగ స్టవ్ ముట్ట. ఆగమ్మ కాడికి షోలాపూర్ పోత. నీ ఇంట్ల నువ్వు ఏమన్న తినుకో."

ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. నేను బతుకంతా భయపడింది ఎవరైనా ఇల్లు విడవడానికే. అన్నాక వెనక్కి తీసుకోలేదు. వాడు కూడా ఉలిక్కిపడ్డాడు, చూశాను. "గట్లనే కానీ," అన్నాడు చిన్నగా.

మరుసటి పొద్దున పీట కింద గోనెపట్టా తీసేశాను. తడిగుడ్డ తీసేశాను. పొడి పీట మీద చెయ్యి ఎత్తి కొట్టాను. బస్తీ అంతా వినేట్టు కొట్టాను. సీతారావమ్మ రేడియో కట్టేసి గోడ మీద నుంచి తొంగి చూసి, "ఇవాళ దాపరికం లేదా?" అంది. "లేదమ్మా" అన్నాను. బాబురావు లేచి వచ్చి, కాసేపు పీట వైపు చూసి, పండ్లు తోముకోవడానికి పోయాడు.

ఆ పదిహేను రోజులూ నాకు తిండి సరిగ్గా దిగలేదు. ట్రంకు పెట్టెలో రెండు చీరలు మడిచి పైన పెట్టాను కూడా. దసరా రోజు పూరీల వాసన నాలుగు వైపుల నుంచి వస్తుంటే, మా ఇంట్లో జొన్నరొట్టె, మటన్ పులుసు. సుగుణ మూతి ముడుచుకుంది. దానికి మాత్రం ఒక జిలేబీ ఇచ్చాను.

పరీక్షకు ముందు రోజు సక్కుబాయి దీపం వెలిగించింది. బాబురావు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఎనిమిది చుక్కలు. నీలం కదిలింది. పచ్చ తిరిగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"పసుపైందా?" అన్నాను.

"లేదత్తా."

"చూడు. ఇంకా చూడు. తొందరపడకు."

"చూస్తున్న. పచ్చ కాణ్ణే ఆగింది. మొన్నటికంటె నీలం ఎక్కువున్నది." సక్కుబాయి ఊపిరి వదిలింది. "కానీ నీలం కాదు అత్తా. రోగం పోలేదు. గిది పోయేది కాదు. రోజూ చెయ్యాల్సిందే."

"రోజూ చేస్త. నాకింకేం పనున్నది?"

డిపో డాక్టరు వాడిని స్టీరింగు మీదే ఉంచాడు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. మళ్లీ మూడు నెలలు, ఆ తర్వాత మళ్లీ. అది బతికినంత కాలం ఉంటుందని నాకు అర్థమైంది. ఇస్సాకు వాళ్లావిడ కృష్ణమ్మ వచ్చి, పిడికిళ్ల లెక్క రాయించుకుని పోయింది. ఇస్సాకు గొట్టం రంగు నారింజట. వాళ్లింట్లో జొన్నపిండి ఏ డబ్బాలో దాస్తుందో నేను అడగలేదు.

ఒక సాయంత్రం బాబురావు చేతులు వెనక పెట్టుకుని వచ్చాడు. పూరీల పొట్లం. "ఒక్కటే అమ్మా. ఒక్కటి." పొట్లం విప్పి ఒకటి వాడి చేతిలో పెట్టాను. రెండోది సుగుణకు. మిగతావి గోడ మీద నుంచి సీతారావమ్మకు ఇచ్చేశాను. కాగితం చదును చేసి పరుపు కింద పెట్టుకున్నాను. అది కూడా సగమే ఉంది.

పొద్దున డ్యూటీ వేళకు నేను గడప మీద నిలబడతాను. అది ఈ ఇంట్లో నేను పెట్టిన చట్టం. నన్ను దాటుకుని ఎవరూ పోలేరు.

"తిన్నవా?"

"తిన్న."

"డబ్బా?"

విసుక్కుంటూ సద్ది డబ్బా పైకెత్తి చూపిస్తాడు. మూత తీసి లోపల రొట్టెలున్నాయో లేదో కూడా చూస్తాను. "నమ్మవా?" అంటాడు. నమ్మనంటాను. అప్పుడు పక్కకు జరుగుతాను.